పెంకులు చెప్పే పొదుకె

గ్రీకు నావికులు రెండు వేల ఏళ్ల కిందట పేరు రాసిపెట్టుకున్న రేవు పుదుచ్చేరి పక్కనే, అరికమేడులో ఉంది. దాన్ని చూడాలంటే బొమ్మలు చేసే పేటలో బయల్దేరి, మ్యూజియంలో ఆగి, ఏటి ఒడ్డుకు చేరాలి.

పుదుచ్చేరిలోని కోసపాళయంలో బొమ్మలు చేస్తారు. పుదుచ్చేరి బొమ్మలుగా పేరుపడ్డవి ఇవే. కాల్చిన మట్టివి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌వి, కాగితపు గుజ్జువి. దసరా బొమ్మల కొలువులు దగ్గరపడుతున్నాయంటే ఇలాంటి పనివాళ్లకు తీరిక ఉండదు. మట్టిబొమ్మ పని ఎక్కడైనా ఒకటే తీరు. ముందు సగం ఒక అచ్చులో, వెనక సగం ఇంకో అచ్చులో ఒత్తుతారు. రెండూ కాస్త ఆరాక అంచులకు పల్చటి మట్టి పూసి అతికిస్తారు. అతుకు దగ్గర సన్నటి గీత లేస్తుంది. దాన్ని తడిగుడ్డతో తుడిచి కనబడకుండా చేస్తారు. ఎంత తుడిచినా, బొమ్మను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే గీత దొరుకుతుంది. ఆ గీతను ఒకసారి పట్టుకున్న కన్ను ఆ తర్వాత ఏ మట్టివస్తువునూ పైపైన చూసి వదిలెయ్యదు.

ఈ నడకను ఇక్కణ్నుంచి మొదలుపెట్టమనడం ఆ కన్ను కోసమే. ఏథెన్స్‌లోనో, కోస్ దీవిలోనో పాత నగరం చూడబోయేవాళ్లకు పని సులువు. స్తంభాలు నిలబడే ఉంటాయి, మెట్ల వరసలుంటాయి, గుడి పునాదులుంటాయి. గైడు చెయ్యెత్తి చూపిస్తే చాలు. అరికమేడులో చెయ్యెత్తి చూపడానికి ఆ కాలపు గోడ ఒక్కటీ నేలపైన లేదు. కొబ్బరిచెట్లు, మామిడిచెట్లు, ఎర్రనేల, ఏరు. అంతే. ఈ రేవు గురించి మనకు తెలిసిందంతా దాదాపుగా కుండపెంకులు చెప్పిందే. పెంకును చదవడం రాకుండా అక్కడికి వెళితే పావుగంటలో తిరుగుముఖం పడతాం. చదవడం వచ్చి వెళితే అక్కడొక పట్నం ఉంటుంది.

క్రీస్తుశకం ఒకటో శతాబ్దం నడుమ, ఈజిప్టులో ఉండే వర్తకుడొకడు ఎర్రసముద్రం నుంచి మన తీరాల దాకా ఏ రేవులో ఏ సరుకు దొరుకుతుంది, ఏది అమ్ముడుపోతుంది అని గ్రీకులో ఒక చేతిపుస్తకం రాశాడు. రాసినవాడి పేరు మనకు దక్కలేదు. పుస్తకం దక్కింది. దాన్నే ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ అంటున్నాం. కన్యాకుమారి దాటి తూర్పు తీరానికి వచ్చాక అతను వరసగా మూడు రేవులు చెబుతాడు. కమర, పొదుకె, సోపత్మ. తీరం వెంట తిరిగే ఇక్కడి పడవలూ, దుంగలు జతచేసి కట్టిన సంగర అనే పెద్ద పడవలూ, గంగాముఖానికీ సువర్ణభూమికీ పోయే ఇంకా పెద్ద ఓడలూ ఈ రేవుల్లో ఉంటాయంటాడు. మరో వందేళ్లకు, క్రీ.శ. 150 ప్రాంతంలో, అలెగ్జాండ్రియాలో ఉండి ప్రపంచపటానికి లెక్కలు కట్టిన టాలెమీ కూడా పొదుకెను వర్తక రేవుగా నమోదు చేశాడు. ఆ పొదుకె అరికమేడే అన్నది ఎక్కువమంది పండితుల నిర్ణయం.

తెలుగువాళ్లం ఆ పుస్తకంలో మరి నాలుగు వాక్యాలు ముందుకు వెళ్లాలి. సింహళం సంగతి చెప్పాక అతను మసాలియా అనే సీమకు వస్తాడు. అది లోపలికి చాలా దూరం వ్యాపించిన దేశమనీ, అక్కడ సన్నబట్టలు విస్తారంగా నేస్తారనీ రాస్తాడు. అది మన కృష్ణా తీరం. టాలెమీ ఆ తీరాన కొంటకోసిల అనే రేవును పేర్కొన్నాడు. అది నేటి కృష్ణా జిల్లా ఘంటసాల. అమరావతి, నాగార్జునకొండ శాసనాల్లో కంటకసెల పేరు కనబడుతుంది. అంటే పొదుకెలో సరుకు దింపిన పడవకు తరవాతి మజిలీలు మన ఊళ్లే. అందుకే పుదుచ్చేరికి బీచ్ కోసం, ఆశ్రమం కోసం వెళ్లే తెలుగు యాత్రికులు ఒక పూట అరికమేడుకు కూడా ఇవ్వాలని ఈ కథనం.

రంగపిళ్లై వీధి మీదుగా

కోసపాళయం నుంచి సముద్రం వైపు నడిస్తే పాత తమిళ పట్నం వస్తుంది. పెద్ద మార్కెట్ దగ్గర రంగపిళ్లై వీధి పట్టుకోవాలి. ఈ వీధిలోనే ఆనందరంగ పిళ్లై భవనం ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీగా ఉంటూ 1736 నుంచి 1761 దాకా దినచర్య రాసిన మనిషి. దొరల కొలువులో ఏం జరిగిందో, ఏ ఓడ ఎప్పుడు వచ్చిందో, బట్టల బేళ్ల లెక్క ఎక్కడ తేడా వచ్చిందో ఆయన రాసిపెట్టకపోతే మనకు తెలిసేది కాదు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథం ఆనందరంగరాట్ఛందాన్ని అంకితమిచ్చింది ఈయనకే. భవనంలో కింది అంతస్తు మన పద్ధతి, పై అంతస్తు ఫ్రెంచి పద్ధతి. బయట నిలబడి చూసినా తేడా తెలుస్తుంది.

కాలువ దాటితే తెల్లపట్నం, భారతి పార్కు. పార్కు నడుమ తెల్లటి ఆయి మండపం. మూడో నెపోలియన్ కాలంలో కట్టింది. ఊరికి మంచినీళ్లు తెచ్చిన పనికి గుర్తుగా నిలిపారు. దాని స్తంభాలూ తోరణాలూ గ్రీకు, రోమన్ పద్ధతిలో ఉంటాయి. ఫొటోలు దిగేవాళ్లకు కొదవ ఉండదు. అందమైన కట్టడమే, అయితే యవనుల, అంటే ఆనాటి గ్రీకు, రోమన్ వర్తకుల గుర్తు కాదు, పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచివాళ్ల అభిరుచి. నిజంగా మధ్యధరా సముద్రం దాటి వచ్చినవి పార్కు పక్కనే, సెయింట్ లూయీ వీధిలోని పుదుచ్చేరి మ్యూజియంలో, అద్దాల వెనక ఉన్నాయి. వాటి దగ్గర జనం తక్కువ.

జాడీ పిడి, పళ్లెం అడుగు

మ్యూజియంలో చోళుల కంచు విగ్రహాలున్నాయి, ఫ్రెంచి దొరల కుర్చీలూ మంచాలూ ఉన్నాయి. వాటికి తరవాత రావచ్చు. ముందు అరికమేడు పెంకుల దగ్గర నిలబడండి.

మొదట చూడాల్సింది ఆంఫొరా. ఇది పొడుగు మెడ, రెండు పిడులు, కిందికి సన్నబడిపోయే అడుగు ఉన్న పెద్ద జాడీ. నేలమీద నిలబడదు. ఓడ అడుగున ఇసుకలో గుచ్చో, ఒకదాని భుజాల మధ్య ఇంకోదాన్ని ఇరికించో పేర్చుకుంటూ పోవడానికి ఆ ఆకారం. అరికమేడులో ఇవి పగిలిన ముక్కలుగానే దొరికాయి. ముక్కల్లో పిడులను జాగ్రత్తగా చూడాలి. కొన్ని పిడులు ఒకే మట్టికడ్డీలా ఉండవు. రెండు సన్నటి కడ్డీలను పక్కపక్కన ఆనించినట్టు ఉండి, నడుమ పొడుగునా గాడి కనిపిస్తుంది. కోసపాళయం అతుకుగీత చూసి వచ్చిన కన్ను ఈ గాడిని వెంటనే పట్టుకుంటుంది. ఈ జంటకడ్డీ పిడి గ్రీకు దీవి కోస్ జాడీల ఆనవాలు. వైద్యుడు హిప్పొక్రటీస్ పుట్టిన దీవి అది. అక్కడి ద్రాక్షసారాలో సముద్రపు నీళ్లు కలిపేవారు. దూరప్రయాణంలో చెడకుండా ఉండేదట. మట్టిలోంచి కారిపోకుండా జాడీల లోపల గుగ్గిలం వంటి జిగురు పూసేవారు. ఎలిజబెత్ లైడింగ్ విల్ అనే అమెరికన్ పరిశోధకురాలు అరికమేడు ఆంఫొరా ముక్కలను ఏరి, తరగతులుగా విడదీసి, సారాజాడీల్లో కోస్ బాణీవే ఎక్కువని చూపించారు. ఆలివ్ నూనె జాడీలు, పులియబెట్టిన చేపల రసం పోసిన జాడీలు కూడా వాటిలో ఉన్నాయి.

మరో మెలిక ఉంది. మట్టిలో కలిసిన ఇసుకరేణువులను భూతద్దం కింద చూసే పద్ధతి వచ్చాక, రోబెర్టా టోంబర్ వంటి పరిశోధకులు మన తీరాల్లో దొరికే ఇలాంటి జాడీల్లో చాలావాటి మట్టిలో నల్లటి అగ్నిపర్వతపు ఇసుక ఉందని గమనించారు. అది ఇటలీలో వెసూవియస్ చుట్టుపక్కల మట్టి. కోస్ సారాకు గిరాకీ ఉంది కాబట్టి ఇటలీవాళ్లు కోస్ ఆకారంలోనే జాడీలు చేసి తమ సారా పోసి పంపారు. గ్రీకు బాణీ, ఇటలీ మట్టి, తమిళ రేవు. ఒక్క ముక్కలో ఇంత ఉంటుంది.

రెండోది ఎర్రటి పళ్లేల ముక్కలు. పగడం రంగు, గాజులా నునుపు. ఇటలీలో టస్కనీ ప్రాంతపు అరెజ్జో ఊరి పనితనం. వీటిలో బొమ్మలున్నవాటిని అచ్చులో ఒత్తే చేసేవారు. పళ్లెం అడుగున చేసినవాడి ముద్ర ఉండేది. అరికమేడు ముక్కల మీద వీబియే, కమూరి, ఇట్టా అనే ముద్రలు దొరికాయి. ఈ ముద్రలు కొట్టిన పనివాళ్లెవరో, ఏ దశాబ్దాల్లో పనిచేశారో ఇటలీలో ముందే లెక్కగట్టి ఉంది. ఆ పళ్లేల కాలం క్రీ.శ. 50 నాటికి ముగిసిపోయింది. అంటే ఇక్కడ ఏ మట్టిపొరలో ఆ ముక్క దొరికితే ఆ పొరకు ఇంచుమించు తేదీ దొరికినట్టే. దీని విలువ ఎంతో కాసేపట్లో తెలుస్తుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. బూడిదరంగు, నలుపు కలిసిన వెడల్పాటి పళ్లెం. అంచు లోపలికి వంగి ఉంటుంది. లోపల అడుగున సన్నటి గాట్లు వలయాలు వలయాలుగా తిరిగి ఉంటాయి. పళ్లెం సారె మీద తిరుగుతుండగా పళ్లున్న చిన్న చక్రమో, వణికే రేకు అంచో ఆనిస్తే అలాంటి గాట్లు పడతాయి. మొదట తవ్వినవాళ్లు ఇదీ పడమటి నుంచి వచ్చిందే అనుకున్నారు. గాట్లు పెట్టే పద్ధతి ఆ దేశాలదని వాళ్ల వాదన. తరవాత మట్టిని పరీక్షించిన పరిశోధకులు ఇది భారతదేశంలో తయారైన సరుకేనని తేల్చారు. ఈ పళ్లేలు బెంగాల్ తీరం నుంచి సింహళంలోని అనురాధపురం దాకా, అటు బాలి దీవిలోని సెంబిరన్ దాకా దొరికాయి. మన అమరావతిలోనూ శాలిహుండంలోనూ దొరికాయి. రోమ్ నుంచి వచ్చిన జాడీల గురించి అందరూ మాట్లాడతారు. ఇక్కడి కుమ్మరి చేసిన పళ్లెం బంగాళాఖాతమంతా తిరిగిందన్న మాట ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

పెంకుల మీద గీసిన అక్షరాలను కూడా వెతకండి. పచ్చిమట్టి మీద కాదు, కాల్చిన కుండమీద మొనదేలిన దానితో గీకినవి. బ్రాహ్మీ లిపి. భాష కొన్నిటిలో తమిళం, కొన్నిటిలో ప్రాకృతం. కుండ ఎవరిదో తెలియడానికి రాసుకున్న పేర్లు. రేవులో మాట్లాడిన భాషలు ఒకటికి మించి ఉన్నాయని అవి చెబుతున్నాయి.

అల్మారాలో దొరికిన పెంకు

అరికమేడు కథ తవ్వకాలతో మొదలుకాలేదు. ఇటుకల దొంగతనంతో మొదలైంది. పద్దెనిమిదో శతాబ్దంలోనే ఇక్కడి జనం అరికమేడు పక్కనున్న వీరాంపట్టినం దగ్గర ఏటి ఒడ్డున పాత ఇటుకలు తవ్వి తీసుకుపోతున్నారని ఫ్రెంచివాళ్ల రాతల్లో ఉంది. ఖగోళ శాస్త్రజ్ఞుడు ల జాంతీ ఆ పెద్ద ఇటుకలను చూసి రాశాడు. ఈయన కథ వేరే చెప్పుకోదగ్గది. శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడం చూడటానికి ఫ్రాన్సు నుంచి పుదుచ్చేరికి బయల్దేరాడు. 1761లో దారిలో ఉండగానే ఊరు ఇంగ్లీషువాళ్ల వశమైందని తెలిసింది. ఆ దృశ్యాన్ని ఓడ మీదే చూశాడు గానీ, ఊగే ఓడమీద కొలతలు తీసుకోవడం కుదరలేదు. ఎనిమిదేళ్లు ఈ సముద్రాల్లోనే ఉండి, 1769 జూన్‌లో పుదుచ్చేరిలో దూరదర్శిని సిద్ధం చేసుకుంటే సరిగ్గా ఆ పొద్దున మబ్బు కమ్మింది.

అసలు సంగతి బయటపడింది 1937 ప్రాంతంలో. ఊరి పిల్లలు ఏటి ఒడ్డున ఏరుకున్న రంగురాళ్లు, పూసలు జూవో ద్యుబ్రేయ్ కంటబడ్డాయి. పుదుచ్చేరిలో పాఠాలు చెప్పిన ఫ్రెంచి పండితుడు ఈయన. మనకు పరాయివాడు కాదు. పల్నాడులో గోలి స్తూపపు శిల్పాలను 1926లో వెలుగులోకి తెచ్చింది ఈయనే. దక్కను ప్రాచీన చరిత్ర మీద పుస్తకం రాశాడు. అరికమేడులో దొరికిన ఒక రత్నం మీద చెక్కిన తలను ఆయన రోమన్ చక్రవర్తి అగస్టస్‌దిగా గుర్తుపట్టాడు. 1941 నుంచి ఫాదర్ ఫోషో, రేమాన్ సూర్లో అక్కడ తవ్వారు. దొరికినవాటిలో కొన్నిటిని హనోయి పంపించారు.

1944లో పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియం అల్మారాలో ఒక ఆంఫొరా ముక్కను చూశాడు. ఎక్కడిదని అడిగితే పుదుచ్చేరి అన్నారు. ఆయన ఆలస్యం చెయ్యలేదు. పుదుచ్చేరి వచ్చి ఇక్కడ దాచిపెట్టిన పెంకులు తిరగేస్తే అరెజ్జో ఎర్రముక్కలు బయటపడ్డాయి. అప్పటికి పుదుచ్చేరి ఫ్రెంచివాళ్లది. వాళ్ల అనుమతితో 1945లో తవ్వకం మొదలైంది.

వీలర్ ఆత్రానికి కారణం ఉంది. దక్షిణదేశంలో శాసనాలకూ రాజుల పేర్లకూ అందని కాలానికి తేదీలు లేవు. రాతిగుళ్ల సమాధులు ఏనాటివో, శాతవాహనుల ఊళ్లలో ఏ పొర ఏ కాలందో చెప్పే ఆధారం లేదు. అరెజ్జో పళ్లేనికి తేదీ ఉంది. దానితోపాటు అదే పొరలో గాట్ల పళ్లెం దొరికితే గాట్ల పళ్లేనికీ తేదీ వస్తుంది. ఆ గాట్ల పళ్లెం దక్కన్లో ఎక్కడ దొరికినా అక్కడి పొరకు తేదీ వస్తుంది. ఆయన అనుకున్నది అక్షరాలా జరిగింది. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్వినప్పుడు ఇనుపయుగపు సమాధుల సంస్కృతి పైన గాట్ల పెంకుల పొర వచ్చింది. ఆ పై పొరకు ఆయన పెట్టిన పేరు ఆంధ్ర సంస్కృతి. మన పాఠ్యపుస్తకాల్లో శాతవాహనుల కాలపు ఊళ్ల గురించి చదివిన తేదీల వెనక ఈ ఏటి ఒడ్డు పెంకులున్నాయి.

వీలర్ తరవాత 1947 నుంచి ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు కజాల్ తవ్వాడు. 1989 నుంచి 1992 దాకా పరిశోధకురాలు విమలా బెగ్లీ, మద్రాసు విశ్వవిద్యాలయం ఆచార్యుడు కె.వి. రామన్ కలిసి తవ్వారు. బెగ్లీ చేసిన మేలు పెద్దది. వీలర్ దీన్ని రోమన్ వర్తకుల స్థావరంగా చూశాడు. రోమన్ సరుకు రాకముందే ఇక్కడ ఊరుందనీ, అది ఆగిపోయాక కూడా ఊరు నడిచిందనీ బెగ్లీ చూపించారు. క్రీస్తుకు పూర్వం రెండుమూడు శతాబ్దాల నుంచి ఆ తరవాత ఎన్నో వందల ఏళ్ల దాకా ఇక్కడ మనుషులు మసిలారు. యవనులు వచ్చారు, కొనుక్కున్నారు, అమ్ముకున్నారు, వెళ్లారు. రేవు మాత్రం ఇక్కడివాళ్లది. ఈ మాటను గైడ్లు ముందు చెప్పాలి. రోమన్ల ఊరు అని మొదలుపెడితే వినేవాడికి స్తంభాలే గుర్తొస్తాయి.

ఏటి ఒడ్డున

ఇక మ్యూజియం నుంచి బయటికి. కడలూరు రోడ్డులో దక్షిణంగా నాలుగు కిలోమీటర్లు. ఈ ముక్క బస్సులోనో ఆటోలోనో వెళ్లడం మేలు. అరియాంకుప్పం ఏటి వంతెన దాటాక ఎడమకు తిరిగి వీరాంపట్టినం వైపు పోతే కాక్కాయంతోపు వస్తుంది. అక్కణ్నుంచి నడక. పొద్దున్నే వెళ్లండి. నీడ ఉంటుంది గానీ ఉక్కపోత గట్టిది.

మొదట కంటపడేది రెండు ఎత్తయిన ఇటుకగోడల శిథిలం. చాలామంది దాని ముందు నిలబడి ఇదే రోమన్ కట్టడం అనుకుని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. అది 1770ల నాటి ఫ్రెంచి మిషనరీల భవనం. సయాం, వియత్నాం వైపు నుంచి యుద్ధాలకు జడిసి పారిపోయి వచ్చిన పిన్యో ద బెహేన్ ఇక్కడ ఆ దేశాల కుర్రాళ్లకు మతవిద్య నేర్పాడు. వియత్నాం భాషకు లాటిన్ నిఘంటువు తయారుచేసింది పుదుచ్చేరిలో ఉన్నప్పుడే. తరవాతి కాలంలో వియత్నాంకు చక్రవర్తి అయిన జా లాంగ్‌కు అండగా నిలిచినవాడు ఈయనే. దానికదే ఒక పెద్ద కథ. పొదుకె మాత్రం ఆ గోడల్లో లేదు, కాళ్ల కింద ఉంది.

ఏటి వైపు నడవండి. ఒడ్డు కోసుకుపోయినచోట మట్టి పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఏరు ఎన్నో ఏళ్లుగా ఈ గట్టును తింటూనే ఉంది. ఉత్తరపు భాగంలో వీలర్ 150 అడుగుల పొడుగున్న ఇటుక కట్టడం ఒకదాన్ని తవ్వి తీశాడు. సరుకు దాచే గిడ్డంగి అన్నాడు. ఆంఫొరాలు ఎక్కువగా దొరికింది ఇటే. లోతుకు దిగేకొద్దీ నీళ్లు ఊరాయి. కింది పొరలు సముద్రమట్టానికి కూడా దిగువన ఉన్నాయి. దక్షిణ భాగంలో ప్రహరీలున్న పెరళ్లు, వాటిలో ఇటుకతో కట్టిన తొట్లు, తొట్లకు కాలువలు బయటపడ్డాయి. సన్నబట్టలకు రంగులద్దే తొట్లని వీలర్ ఊహ. తరవాతివాళ్లు గిడ్డంగినీ, రంగుతొట్లనూ కూడా అనుమానించారు. నీళ్లతో చేసే పని ఏదో జరిగిందన్నంతవరకు నిజం. కొన్నిచోట్ల గోడ లేకుండా గోడ జాడ మాత్రమే తవ్వినవాళ్లకు దొరికింది. ఇటుకలు ఎత్తుకుపోయినవాళ్లు తవ్విన గాడిలో తరవాతి మట్టి నిండి, గోడ ఎటు పోయిందో ఆ మట్టి రంగు చెప్పింది.

ఇవేవీ ఇప్పుడు పైకి కనిపించవు. తవ్వినచోట్లు మళ్లీ పూడ్చేశారు. అలా పూడ్చడమే సరైన పని, లేకపోతే వానకు కరిగిపోయేవి. అయితే వచ్చినవాళ్లకు ఏదో ఒకటి చూపాలి కదా. ఏథెన్స్ పాత బజారు అగోరాలో తవ్వినవాళ్లు అట్టాలోస్ అనే రాజు కట్టించిన పాత మండపాన్ని 1950ల్లో తిరిగి కట్టి, అక్కడ దొరికినవన్నీ అందులోనే పెట్టారు. మెట్టు దిగితే తవ్విన చోటు, మెట్టెక్కితే దొరికిన వస్తువు. అరికమేడులో దొరికినవి కొన్ని పుదుచ్చేరి మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ఇంత ముఖ్యమైన చోటికి, యునెస్కో తాత్కాలిక జాబితాలో పట్టుదారి (సిల్క్ రోడ్) చోట్ల సరసన పేరున్న చోటికి, గట్టు మీదే ఒక శాల కావాలి. గిడ్డంగి ఎక్కడ ఉండేదో, తొట్లు ఎక్కడ ఉండేవో నేల మీద ఇటుకల గీత పరిచి చూపాలి. కోస్ పిడి నకలు ఒకటి చేత్తో పట్టుకుని చూడటానికి పెట్టాలి. ఆ నకళ్లు చెయ్యడానికి పనివాళ్లు దూరం నుంచి రానక్కర్లేదు. విల్లియనూరు మట్టిపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడి కళాకారుడు వి.కె. మునుసామికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కోసపాళయం ఉండనే ఉంది.

నేలమీద పెంకులు కనిపిస్తాయి. వంగి చూడండి, తియ్యకండి. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. చట్టం మాట అలా ఉంచినా, పెంకుకు విలువ అది పడి ఉన్న చోటును బట్టే. జేబులో వేసుకుంటే అది ఏమీ చెప్పదు.

నడక ఇంకాస్త సాగించగలిగితే వీరాంపట్టినం దాకా వెళ్లండి. జాలరుల పెద్ద ఊరు. తమిళుల ఆడి నెలలో సెంగళునీర్ అమ్మన్ రథోత్సవం జరుగుతుంది. ఫ్రెంచివాళ్ల కాలం నుంచి పుదుచ్చేరి గవర్నరు వచ్చి ఆ తేరు మోకు పట్టి లాగడం ఆనవాయితీ.

పూసల దారి పాపానాయుడుపేటకు

అరికమేడు పిల్లలు ఏరుకున్నవి రత్నాలే కాదు, గాజుపూసలు కూడా. ఆవగింజంత, మిరియమంత. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు. పూసల చరిత్ర మీద జీవితం ధారపోసిన పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్, ఇలాంటి పూసలు ఆఫ్రికా తీరం నుంచి ఇండోనేషియా దాకా దొరకడం చూసి, వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టాడు. అవి తొలుత పెద్దయెత్తున తయారైంది అరికమేడులోనేనని ఆయన తీర్మానం. ఇక్కడ పూసలే కాక గాజుగొట్టాల ముక్కలూ, పనిలో మిగిలిపోయిన తుక్కూ దొరికాయి. సరుకు కొని తెచ్చుకునేచోట తుక్కు ఉండదు, తయారయ్యేచోటే ఉంటుంది.

అంత పాత పద్ధతి ఎలా ఉండేదో ఆయనకు పుస్తకాల్లో దొరకలేదు. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం పాపానాయుడుపేటలో, తెలుగు పనివాళ్ల కొలిమి దగ్గర దొరికింది. కరిగిన గాజుముద్దను లడ అనే పొడుగాటి ఇనుపగొట్టం కొసకు పట్టిస్తారు. నేలమీద దొర్లించి శంకువులా చేస్తారు. గొట్టంలోంచి ఒక ఊచను పొడిస్తే ముద్ద నడుమ బోలు ఏర్పడుతుంది. గొట్టాన్ని అలాగే కొలిమిలోకి దూరుస్తారు. అవతలి పక్క కూర్చున్న పెద్దపనివాడు కొక్కెంతో గాజుకొసను పట్టి లాగడం మొదలుపెడతాడు. ముద్దలో ఉన్న బోలు లాగినకొద్దీ సాగి, సన్నటి గాజుగొట్టం చేతిలోకి వస్తూనే ఉంటుంది. చెయ్యి వేగం మారితే గొట్టం లావు మారిపోతుంది కాబట్టి గంటల తరబడి ఒకే లయలో లాగాలి. ఆ గొట్టాలను మెతుకంత ముక్కలుగా తెగ్గొడతారు. అంచులు కోసుకోకుండా ఉండటానికి ముక్కలను బూడిదలో కలిపి మళ్లీ వేడిచేస్తారు. బూడిద రంధ్రంలోకి చేరి అది పూడిపోకుండా కాస్తుంది, పదునైన అంచు కరిగి గుండ్రబడుతుంది.

అరికమేడు పూసను భూతద్దం కింద పెడితే గాజులోని సన్నటి బుడగలు రంధ్రం పొడుగునా సాగి ఉంటాయి. గొట్టం లాగినప్పుడు బుడగ కూడా సాగింది. పాపానాయుడుపేట పూసలోనూ అదే సాగుడు. అందుకే ఈ నడకకు రెండో రోజు ఒకటి కలుపుకోమంటాను. పుదుచ్చేరి నుంచి తెలుగునేలకు తిరిగి వచ్చేవాళ్లకు రేణిగుంట, శ్రీకాళహస్తి దారి ఎలాగూ తగులుతుంది. పాపానాయుడుపేట ఆ దారికి దగ్గరే. ఊళ్లో పూసల పని చేసే ఇళ్ల వాళ్లను అడగండి, ముందు వాళ్ల వీలు కనుక్కోండి, పని నడుస్తుంటే దూరంగా నిలబడి చూడండి, వచ్చేటప్పుడు వాళ్ల దగ్గరే నాలుగు దండలు కొనండి.